మూడో నిద్ర

జూన్ ఏడో తేదీ, శనివారం. ఆ రాత్రి శ్యామలమ్మ తిన్నది రెండు జొన్నరొట్టెలు, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి. బక్రీదు పండగని పక్కింటివాళ్లు పంపిన సొరకాయ పాయసాన్ని మర్నాటికి దాచుకుంది.

ఆమెకు తేదీలు గుర్తుండేది తిండితోనే. హెడ్ కానిస్టేబులుగా రిటైరైన తర్వాత ప్రొద్దుటూరులో లాయర్లకూ, అప్పుడప్పుడు లాయరును పెట్టుకోలేనివాళ్లకూ వాకబు పనులు చేసిపెడుతున్న శ్యామలమ్మ, ఉద్యోగమంతా చూసి తెలుసుకున్న సంగతి ఒకటుంది. అబద్ధమాడేవాడు ఏ వేళకు ఎక్కడున్నాడో ముందే వల్లె వేసుకుని వస్తాడు. ఆ పూట ఏం తిన్నావప్పా అని అడిగితే మాత్రం తడబడతాడు. కడుపు సంగతి ఎవరూ వల్లె వేసుకోరు.

దాచుకున్న పాయసాన్ని ఆమె ఆదివారం పొద్దున తింటూ ఉండగానే తెలిసింది, జూనియర్ కాలేజీ గురునాథం కొత్తింటి మెట్ల మీదనుంచి పడి చనిపోయాడని. లెక్కల మాస్టరుగా మొదలై సొంత కాలేజీ దాకా ఎదిగిన మనిషి. మూఢం వచ్చేస్తోందని, పని ఇంకా మిగిలి ఉండగానే గృహప్రవేశం చేసుకున్నాడు. ఆ ఇంటి హాలులో మెట్లు గాల్లో తేలుతున్నట్టు ఉంటాయని ఊళ్లో చెప్పుకున్నారు. కింద స్తంభం ఉండదు, పక్కన దూలం ఉండదు. వాటిలో ఒక మెట్టు ఆయన కాలు మోపగానే విరిగి కిందికి పోయింది. ఆ వెనకే ఆయనా పోయాడు.

ఆ మెట్లు పెట్టింది జమ్మలమడుగు ముబారక్. కువైట్‌లో పెద్దపెద్ద ఇళ్లకు ఇలాంటివి బిగించి, పని నేర్చుకుని వచ్చాడు. భార్య నిఖత్ సివిల్ డిప్లొమా చదివింది. ఆమె కొలతలు తీసి ప్లాను గీస్తుంది, అతను ఇనుము అతికి నిలబెడతాడు. గురునాథం కర్మ ముగిసిన తర్వాత, ఇల్లు కట్టిన ఇంజనీరు పవన్ కుమార్ పోలీసులకు ఒక రిపోర్టు ఇచ్చాడు. ముబారక్ నాసిరకం పని వల్లే మెట్టు విరిగిందన్నాడు. ఈ రోజు పొద్దున ముబారక్‌ను స్టేషనుకు తీసుకుపోయారు. రేపు కోర్టు. అక్కడ రిమాండు పడితే అతను కడప జైలుకు పోతాడు. బయటికి వచ్చినా, మనిషిని చంపిన మెట్లవాడన్న పేరు పోదు.

నిఖత్ మధ్యాహ్నం శ్యామలమ్మ ఇంటికి వచ్చినప్పుడు ఏడవలేదు. ఎస్సై తన భర్తకు అన్నం క్యారియరు లోపలికి పంపనిచ్చాడని, అది తిన్నాకే తాను బయల్దేరానని చెప్పింది.

"మా మెట్టు విరగదక్కా," అంది. "దాన్ని ఎవురో విరగ్గొట్టినారు. అది నువ్వు తేల్చల్ల."

సాయంత్రం ఎండ తగ్గేవేళకు ఇద్దరూ ఆ ఇంటికి చేరారు. శ్యామలమ్మ ముందే ఫోను చేయడంతో గురునాథం భార్య జయలక్ష్మి అప్పటికే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. భర్త పోయిన మనిషి అప్పుడే గడప దాటకూడదని చుట్టాలు అడ్డుపడినా, తాళంచెవి చేతబట్టుకుని తానే ఆటోలో వచ్చింది. తన భర్తను మింగిన మెట్లు పెట్టినవాడి పెళ్లాం ఎదురుగా ఉంది. జయలక్ష్మి ఆమె వైపు ఒక క్షణం చూసి, ఎండలో వచ్చినారు, మొదట మంచినీళ్లు తాగండి అంది.

హాలులో, ఎడమ గోడలోంచి నల్లటి నాపరాతి మెట్లు ఒకదాని పైన ఒకటిగా బయటికి చాచుకుని ఉన్నాయి. పాలిష్ పట్టిన రాయి అద్దంలా మెరుస్తోంది. పైకి పోయే దారిలో సగం దాటాక, పన్ను ఊడిన చోటులా ఒక ఖాళీ. మెట్ల రెండో వైపు, పడిపోకుండా పట్టుకోవడానికి, దళసరి గాజు పలకలు నిలబెట్టి ఉన్నాయి.

"మా నాయన సేద్యం బావికి ఇట్లాటి మెట్లే ఉండె," అంది శ్యామలమ్మ. "గోడలోనుంచి బండలు బయటికి పొడుచుకొచ్చి. వాటి మీదనే దిగి ఈతకు దూకేటోళ్లం."

"అదే లెక్కక్కా. బావిలో బండ సగానికి పైన గోడలో ఉంటాది. ఈడ బండకు బదులు ఇనుము."

నిఖత్ గోడను చేత్తో తడుముతూ చెప్పుకొచ్చింది. పూత వెనక, గోడ లోపల ఇనుప చట్రం ఉంటుంది. దానికి అతికిన ఇనుప చెయ్యి ఒక్కో మెట్టు దగ్గర బయటికి వస్తుంది. ఆ చేతికి పైనా పక్కలా నాపరాయి తొడుగు, అడుగు మాత్రం తెరిచి ఉంటుంది. బరువంతా గోడ లోపలి అతుకు మీద పడుతుంది కాబట్టి ముబారక్ ఆ అతుకును ఇంకొకరి చేత వేయించడు. ఏ ఇల్లయినా అప్పజెప్పే ముందు తల్లి పీరాంబీని తీసుకొచ్చి ప్రతి మెట్టు మీదా నిలబెడతాడు. మా అమ్మను మోసిన మెట్టు ఏనుగునైనా మోస్తుందని ఆమె ముందే అంటాడు. పీరాంబీ తిట్టుకుంటూనే ఎక్కుతుంది.

"ఎక్కింది," అంది జయలక్ష్మి నెమ్మదిగా. "పైనదాకా పోయి, కాఫీ ఆడికే తెప్పించుకునింది. మా ఆయన శానా నవ్వినాడు."

శ్యామలమ్మ కుర్చీ వేసుకుని విరిగిన చోటును చూసింది. గోడలోంచి జానెడు ఇనుప మోడు బయటికి ఉంది. పూత ఊడిన చోట గోడ లోపలి అతుకు కనిపిస్తోంది, అది చెక్కు చెదరలేదు. విరిగింది అతుకు కాదు, దానికి ఇవతల ఇనుము. పై అంచు చిరిగినట్టు వంకరగా ఉంది. కింది భాగం మాత్రం కత్తితో జున్ను కోసినంత తిన్నగా ఉంది. గ్రైండరుతో కోసిన గుర్తు. పవన్ కుమార్ దాన్ని దాచలేదు. చెయ్యి సరిగ్గా కూర్చోక ముబారకే కింద గ్రైండరు పెట్టి కోసుకున్నాడని, అందువల్ల బలం తగ్గిందని రిపోర్టులో రాశాడు. కాబట్టి కోత పడిందా లేదా అన్నది తగవు కాదు. ఎప్పుడు పడింది అన్నదే తగవు.

ఆమె కొంగు బిగించి, మోకాళ్లు వద్దంటున్నా వినకుండా ఆ ఖాళీ కింద నేల మీద వెల్లకిలా పడుకుంది. కిందనుంచి కోసినవాడికి ఏం కనపడి ఉంటుందో చూడాలని ఆమె ఉద్దేశం. ఆమెకు కనపడింది మోడు కాదు, దానికి ఎదురుగా ఉన్న గాజు పలక. దాని లోపలి వైపు గసగసాలు చల్లినట్టు గోధుమరంగు చుక్కలున్నాయి. లేచి, కొంగు తడిపి తుడిచింది. పోలేదు. గోటితో గీకింది. గరుకుగా తగిలాయి తప్ప ఊడలేదు. మిగతా పలకలు చూసింది. అవి తేటగా ఉన్నాయి.

"ఇదేంది పాపా?"

నిఖత్ దగ్గరికి వచ్చి చూసింది. చుక్కలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా పరుచుకున్నాయో వేలితో గాల్లో గీసుకుంది. వేలు చివరికి ఇనుప మోడు దగ్గర ఆగింది.

"గ్రైండరు రవ్వలక్కా. ఇనుము కోసేటప్పుడు ఎగిరేవి. కాలతా వచ్చి గాజులోకి దిగబడిపోతాయి. కొన్ని దినాలకు తుప్పు పట్టి ఇట్ల బయటపడతాయి. కడిగినా పోవు."

"ఈ గాజు ఎప్పుడొచ్చింది?"

జవాబు జయలక్ష్మి చెప్పింది. మూఢం భయంతో తొందరగా గృహప్రవేశం చేశారు కాబట్టి అప్పటికి గాజు రాలేదు. మెట్లకు పక్కన తాడు కట్టి కార్యం కానిచ్చారు. ముబారక్ తన పని ముగించి, కూలీలతో సహా వెళ్లిపోయిన తర్వాత ఇటు రాలేదు. గాజు బండి వచ్చింది శనివారం, ఏడో తేదీ. అప్పుడే తామంతా చుట్టాల పెళ్లికి పులివెందులకు బయల్దేరుతున్నారు. సాయంత్రానికి బిగించి గాజువాళ్లు వెళ్లిపోయారని మరిది వీరభద్రం ఫోనులో చెప్పాడు.

నిఖత్ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమెకు అర్థమైంది. శ్యామలమ్మకూ అర్థమైంది. గాజు మీద రవ్వలు పడ్డాయంటే, గాజు వచ్చాకే ఇనుము కోశారు. శనివారం సాయంత్రానికీ ఆదివారం పొద్దునకూ మధ్య.

ఆ రాత్రి ఇల్లు ఖాళీగా లేదు. కొత్తింట్లో పాలు పొంగించాక మూడు రాత్రులు వరసగా ఇంటివాళ్లు నిద్ర చేయాలి. రెండు నిద్రలు గురునాథం కుటుంబమే చేసింది. పెళ్లి వల్ల మూడో నిద్ర తమ్ముడు వీరభద్రం మీద పడింది. హాలులోనే పడుకున్నానని, ఎవరూ రాలేదని, ఏ చప్పుడూ కాలేదని అతను పోలీసులకు చెప్పాడు. పోలీసులు ముబారక్ వైపు తిరగడానికి ఆ మాట కూడా కారణం.

శ్యామలమ్మ ఫోనుతో గాజును ఫొటోలు తీస్తుండగా బయట కారు ఆగింది. పవన్ కుమార్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో లేజరు టేపు. అతని వెనక, నాలుగు రోజుల గడ్డంతో వీరభద్రం.

"రిటైరైన మేడం నేల మీద పొర్లి మరీ ఏం వెతుకుతాండారు?" అన్నాడు పవన్, ఆమె చీరకంటిన దుమ్ము చూసి.

"నువ్వు రిపోర్టులో రాయకుండ వదిలేసింది."

"అది టెక్నికల్ మేడం. మీకు అర్థం కాదు."

"ఒకటి మాత్రం అర్థమాయె. ఇల్లు కట్టినోనివి నువ్వే, తప్పు ఎవురిదో తేల్చినోనివీ నువ్వే. నీ పరీక్షకు నువ్వే మార్కులేసుకున్యావు."

అతని నవ్వు తగ్గలేదు. జయలక్ష్మి వైపు తిరిగి, పెద్దవాళ్లతో మాట్లాడానని చెప్పాడు. గురునాథం సారు పోయిన నక్షత్రం మంచిది కాదు, ఇల్లు రెండు నెలలు మూసిపెట్టాలి. ఈ పాడు మెట్లను ఇంట్లో ఉంచి మూయకూడదు. రేపు మనుషుల్ని పెట్టి మెట్లూ గాజూ మొత్తం ఊడబీకిస్తాను, మీరు శ్రమపడవద్దు అన్నాడు. ఆ తర్వాత నిఖత్‌తో, మెత్తటి గొంతుతోనే, ముబారక్ తప్పు ఒప్పుకుంటే బెయిలు తొందరగా వచ్చేట్టు తాను చూస్తానన్నాడు. మొండికేస్తే ప్రొద్దుటూరు, పులివెందుల అన్న తేడా లేకుండా ఏ ఇంట్లోనూ మీ చేత మేకు కూడా కొట్టించరు అన్నాడు.

నిఖత్ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆయన ఒప్పుకోడు. ఒప్పుకుంటానన్నా నేను ఒప్పుకోనియ్యను. మేం పెట్టిన మెట్టు విరగలేదు సార్. దాన్ని కోసినారు. గాజు వచ్చినాక కోసినారు."

పవన్ కుమార్ చూపు ఇనుప మోడు మీదికి పోలేదు. తిన్నగా గాజు మీదికి పోయింది, అదీ ఆ ఒక్క పలక మీదికే. రెప్పపాటులో చూపు తిప్పుకున్నాడు. శ్యామలమ్మ ఆ రెప్పపాటును వదులుకోలేదు.

తనకు ఫోను చేసుకునే పని ఉందని అతను బయటికి నడిచాడు. కారు కదిలిన చప్పుడైంది. వీరభద్రం కూడా వెళ్లబోతుంటే శ్యామలమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. కుర్చీ చూపించి, కూర్చోప్పా, రెండే మాటలు అంది. అతను కూర్చున్నాడు. మెట్లవైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"శనివారం రాత్రి ఏం తిన్యావు?"

అతను తలెత్తాడు. ఎన్ని గంటలకు పడుకున్నావని అడుగుతుందనుకున్నాడు కాబోలు.

"ఏముందక్కా. పప్పూ అన్నం."

"ఎవురు వండినారు?"

"ఇంటికాడినుంచి క్యారియరు..."

"మీ ఇంట్లో ఆడోళ్లంతా మాతోనే పెండ్లికి వచ్చిరి కదా వీరభద్రం," అంది జయలక్ష్మి. నిలదీసినట్టు అనలేదు. మరిచిపోయినవాడికి గుర్తుచేసినట్టు అంది.

వీరభద్రం పెదవులు తడుపుకున్నాడు. అయితే హోటల్లో అయ్యుంటుంది అన్నాడు. ఏ హోటలని శ్యామలమ్మ అడగలేదు. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"చూడప్పా. ఆ రాత్రి ఈ హాల్లో గ్రైండరు తిరిగింది. గాజు మీద గుర్తుండాది. చుట్టూ ఖాళీ ప్లాట్లు కాబట్టి ఊరికి వినపడలేదు. ఈడ పండుకున్నోనికి వినపడకుండ పోదు. కోసినోనివి నువ్వన్నా అయ్యుండల్ల, ఆ రాత్రి నువ్వు ఈడ లేకుండన్నా ఉండల్ల. రెండిట్లో ఏదో మీ వదిన ముందర చెప్పు."

అతను కుర్చీలోనే వదిన వైపు తిరిగాడు. చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. జమ్మలమడుగులో బాషా అని అతనికి చిన్ననాటి స్నేహితుడు. బక్రీదు విందుకు రమ్మని ఫోను చేశాడు. గాజువాళ్లు వెళ్లిపోయాక, పోయి ముఖం చూపించి రాత్రికి తిరిగి వచ్చేద్దామనుకున్నాడు. అక్కడ ఆకు ముందు కూర్చున్నాక బిర్యానీ వద్దనలేకపోయాడు. తిన్నాక గుర్తొచ్చింది. మూడు నిద్రలు పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో పడుకునేవాడు నీసు ముట్టకూడదు.

"నీసు తిని, పాలు పొంగిన ఇంటి గడప తొక్కలేకపోతి వదినా," అన్నాడు. "నిద్ర తప్పకూడదని పవన్‌కు ఫోను చేస్తి. ఇంటి తాళంచెవి ఇంగొకటి ఆయప్ప కాడ ఉండాది కదా. నువ్వు నిమ్మళంగా ఉండు మామా, నిద్ర నేను చేస్తా, ఎవురికీ చెప్పనులే అనె. పొద్దన్నే అన్న పోయె. ఇంటోడు చేయాల్సిన మూడో నిద్ర బయటోనితో చేయిస్తి, దానికే అన్నను పోగొట్టుకుంటి అనుకున్యా. ఆ మాట ఏ నోటితో చెప్పేది?"

ఒక పూట తిండి దాచడానికి అతను చెప్పిన అబద్ధం, ఏ పాపమూ ఎరగని మనిషిని లాకప్పులో కూర్చోబెట్టింది. నిఖత్ అతన్ని నానా మాటలూ అనవచ్చు. అనలేదు.

"మీ అన్నను చంపింది నిద్ర తప్పడం కాదు," అంది శ్యామలమ్మ. "గ్రైండరు. ఈ చెప్పిందే రేపు ఎస్సై ముందర చెప్తావా?"

"చెప్తా. కోర్టులో అయినా చెప్తా."

జయలక్ష్మి గ్లాసుతో నీళ్లు తెచ్చి మరిది చేతిలో పెట్టింది. గ్లాసును వెంటనే వదల్లేదు. ఏదో తలపోస్తున్నట్టు అలాగే నిలబడింది.

"ఆ పొద్దున ఫోనొచ్చింది," అంది. "పవన్ నుంచే."

ఆమె ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. శనివారం పులివెందులలో పెళ్లి భోజనాలకు ముందు గురునాథం అక్కడి తమ కాలేజీ హాస్టలును చూసి వచ్చాడు. అది కట్టిందీ పవన్ కుమారే. కట్టి ఏడాది కాకముందే పైకప్పు నిలువునా చీలి ఉంది. ఆ కప్పు కింద ఆడపిల్లల్ని పడుకోబెట్టలేను, సోమవారం పోయి కలెక్టరుకు ఫిర్యాదు ఇస్తానని అక్కడినుంచే పవన్‌కు ఫోనులో చెప్పాడు. ఆదివారం పొద్దున వాళ్లు కొత్తింటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా ఫోను మోగింది.

"హాస్టలు ప్లాను అడుగుతాండాడు, పైన గదిలో ఉండాది, తెస్తా ఉండు అని ఎక్కినాడు. పైగదికి ఆయన తప్ప ఎవురూ పోము. నాకు మోకాళ్ల నొప్పి. ఆ సంగతి పవన్‌కు తెలుసు." ఆమె మెట్ల మధ్య ఖాళీ వైపు చూసింది. "ఫోను ఇంకా చెవి కాడనే ఉండె."

శ్యామలమ్మ ఎస్సైకి ఫోను చేసింది. కుర్రతనంలో ఆమె కింద ట్రైనింగు తీసుకున్నవాడు. మొదట విసుక్కున్నాడు. వీరభద్రాన్ని మాట్లాడించాక మాట మార్చాడు. ఆ గాజు పలకను నిపుణులకు చూపించాలి, ఫొటో చాలదు, దాన్ని ఎవరూ ముట్టకూడదన్నాడు. తాను బందోబస్తు మీద ఊరవతల ఉన్నాడు. కోర్టుకు పోయే ముందు, పొద్దున్నే వస్తానన్నాడు. పొద్దుటిదాకా చూసుకో అక్కా, నీకు కొత్తా అన్నాడు.

అప్పటికి చీకటి పడుతోంది. వీధి మలుపులో కారు లైట్లు కనిపించాయి. దాని వెనకే ఒక మినీ లారీ. నిఖత్ కిటికీలోంచి చూసి, లారీలో నలుగురున్నారని, చేతుల్లో సమ్మెటలున్నాయని చెప్పింది. రేపు ఊడబీకిస్తానన్న పవన్ కుమార్ రాత్రికే వచ్చేశాడు.

"అమ్మా, మీరు వెనక వాకిట్లోనుంచి పోండి," అంది శ్యామలమ్మ. "మేం చూసుకుంటాం. ఈ ఇంట్లో మీరు రాత్రి ఉండకూడదని మీవాళ్లు..."

"ఎవురు చెప్పేది?" అంది జయలక్ష్మి. "నక్షత్రం చూసి ఇల్లు మూయమనింది ఎవురో తెలిసిపోయె కదా. ఇది నా ఇల్లు. నేను ఈడనే పండుకుంటా. నా మీదనుంచి నడిచిపోయి పగలగొట్టమను ఆ గాజు."

నిఖత్ అప్పటికే ఆ పలక ముందు నేల మీద కూర్చుంది. వీరభద్రం లేచి వెళ్లి ఆమెకు కొంచెం ఎడంగా, మెట్లకు ఎదురుగా కూర్చున్నాడు. శ్యామలమ్మ కుర్చీని హాలు మధ్యకు జరుపుకుంది.

గేటు తెరుచుకుంది. చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తోంది. జయలక్ష్మి వీధి తలుపు దగ్గరికి నడిచింది. బయటివాళ్లను తొంగి చూడలేదు. నిద్రపోయే పిల్లలున్న ఇంట్లో తలుపు వేసినంత మెల్లగా రెండు రెక్కలూ దగ్గరికి చేర్చి, పై గడియ, కింది గడియ వేసింది. అవతల పవన్ కుమార్ తాళంచెవి తాళంలో ఒక చుట్టు తిరిగి, మళ్లీ వెనక్కి తిరిగింది. తలుపు మాత్రం కదల్లేదు.